చోళవరంలో ఆముదం వాసన

కిందటి నెల మన సంఘం విందులో నా పక్క విస్తరిముందు కూర్చున్న కుర్రవాడు ఫోనులో మోటారు పందెం చూస్తూ వేడి గారెలు చల్లార్చుకుంటున్నాడు. యేమిటి నాయనా అది అంటే, "ఫార్ములా వన్ తాతగారూ. మీ రోజుల్లో యివన్నీ వుండేవా?" అన్నాడు. వుండేవి, మన నెల్లూరు రోడ్డుమీదే వుండేవి, అన్నాను. వాడు మర్యాదకు తల వూపాడు గాని నమ్మలేదు. నమ్మించడానికి కాదు గాని, నాకొక పాత బాకీ వుంది. అది తీరాలంటే యీ సంగతి రాయక తప్పదు. బాకీ యేమిటో చివర మనవి చేస్తాను.

చెన్నపట్నంనుంచి నెల్లూరు వెళ్లే పెద్ద రోడ్డు పట్టుకుని రెడ్ హిల్స్ దాటి కొంత దూరం పోతే చోళవరం వస్తుంది. ఆ వూరి పేరు మనకు చెరువు మూలాన తెలుసు. వేసవిలో చోళవరం చెరువులో నీరెంత వుందో పేపర్లో చూసి, యింట్లో బిందెలు లెక్కపెట్టుకునే వాళ్లం గదా. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాలు దిగడానికి అక్కడ నేల చదును చేసి బాట వేశారు. యుద్ధం ముగిసింది, విమానాలు పోయాయి, బాట మిగిలింది. 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు యేర్పడి, ఆ బాటమీద పందేలు నడిపింది. యిది మన వూరి వింతేమీ కాదు. ఇంగ్లండులో పేరుమోసిన సిల్వర్‌స్టోన్ కూడా యుద్ధకాలపు విమానాల మైదానమే. ప్రపంచ ఛాంపియన్‌షిప్పు మొదటి పందెం 1950 మే 13న జరిగింది అక్కడే.

చలికాలం చివర ఆదివారం పందేలంటే తిరునాళ్లే అనుకోండి. బస్సులు, స్కూటర్లు, సైకిళ్లు, చద్దిమూటలు, గొడుగులు. వేరుసెనక్కాయలు అమ్మేవాడికి రెండు రోజుల బేరం ఒక పూటలో. పందెంలో దిగే బండ్లేమో చాలావరకు మనం రోజూ చూసే ఫియట్లు, అంబాసిడర్లు, హెరాల్డులు. పగిలితే గాజు కాళ్లకింద పడకుండా ముందు దీపాలకు అడ్డంగా ప్లాస్టరు అంటించేవారు. పొద్దున పందెం ఆడి, రాత్రికి అదే బండిలో పిల్లల్ని యెక్కించుకుని యింటికి పోయిన మహానుభావులున్నారు. మరునాడు ఆఫీసుకు కూడా అందులోనే.

వీటి నడుమ, యెక్కడా అమ్మని బండ్లు కొన్ని వచ్చేవి. కప్పు వుండదు, తలుపులుండవు, చక్రాలమీద మడ్డుగార్డులుండవు. పడవకు నాలుగు చక్రాలు తగిలించినట్టుంటుంది. కావలసినవాడు తన షెడ్డులో తానే కట్టుకున్న బండి అన్నమాట. అటువంటి బండి ఒకటి మా మామయ్యది.

మామయ్య బస్సులకు బాడీ కట్టే షెడ్డులో రేకుపని చేసేవాడు. చదువు స్కూలు ఫైనలుతో ఆగింది గాని, మూర్ మార్కెట్టులో పాత పుస్తకాల దుకాణాల వాళ్లందరికీ ఆయన తెలుసు. ఇంగ్లీషు మోటారు పత్రికలు యెప్పటివో తెచ్చి, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవాడు. (ఆ మార్కెట్టు 1985లో కాలిపోయింది. ఆ వార్త విన్నప్పుడు నాకు మొదట మామయ్యే గుర్తుకొచ్చాడు.) ఆ పత్రికల్లో ఆయనకు పరమ పూజ్యులు కూపర్లు, తండ్రీకొడుకులు. 1946లో వాళ్లు తమ గారేజీలో రెండు పాత చిట్టి ఫియట్ల ముందుభాగాలు కోసి, వీపుకు వీపు అతికించి, మోటారుసైకిలు ఇంజను తగిలించి పందెంబండి చేశారు. మోటారుసైకిలు ఇంజను గొలుసుతో వెనుక చక్రాలను తిప్పాలి గనుక దాన్ని నడిపేవాడి వెనుక పెట్టారు. అవసరానికి చేసిన ఆ పనిలోంచి యెంత పుట్టిందో చూడండి: పదమూడేళ్లకు, 1959లో, జాక్ బ్రాభం ఇంజను వెనుక వున్న కూపరుబండిలోనే ప్రపంచ ఛాంపియనయ్యాడు. మరుసటి యేడూ ఆయనే.

"వాళ్లదీ షెడ్డే, మనదీ షెడ్డే" అనేవాడు మామయ్య. నీళ్లగొట్టాలు అతికించి ఛాసీ కట్టాడు. గుద్దుకుని నలిగిపోయిన ఫియట్ పదకొండువందల బండి ఇంజను తెచ్చాడు. బస్సు బాడీల్లో మిగిలిన అల్యూమినియం రేకు ముక్కలతో పైతొడుగు చేశాడు. ఇంజను వెనుక పెట్టాలని ఆశ, కాని దానికి తగ్గ గేరుబాక్సు యెక్కడ దొరుకుతుంది? ముందే పెట్టాడు. అందుచేత కూచునే చోటికింద షాఫ్టు తిరుగుతుంది, దానిపైన సీటు. కూపరుబండిలో మనిషి తొట్టిలో పడుకున్నట్టుంటాడు, మామయ్య మాత్రం అంబారీ యెక్కినట్టుండేవాడు.

సీటుకు దిండు కుట్టింది అత్తయ్య, పాత బొంత కత్తిరించి. కుడుతూనే పోట్లాడేది. ఆ పత్రికల్లో బొమ్మలు ఆమే చూసింది గదా. చక్రాలు బయటికున్న బండ్లలో ప్రమాదం చక్రాలవల్లనే వస్తుంది. ముందుబండి వెనుకచక్రానికి వెనుకబండి ముందుచక్రం తగిలిందంటే, ముందుచక్రపు వెనుకవైపు పైకి తిరుగుతూ వుంటుంది గనుక, రెండోబండిని అమాంతంగా పైకి యెత్తేస్తుంది. మామయ్య యీ సంగతి రెండు పెరుగు ముంతలు దొర్లించి నాకు చూపిస్తూ వుండగా అత్తయ్య గుమ్మంలో నిలబడి వింది. "ఏమండీ, ఆడపిల్ల వుంది మనకు" అని మాత్రం అని లోపలికి వెళ్లిపోయింది.

యిక ఆముదం. పందెపు ఇంజన్లలో ఆముదంతో చేసిన నూనె పోసేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల ఇంజన్లకూ అదే. కాస్ట్రాల్ అన్న పేరులో వున్నది ఆ 'కాస్టర్', అనగా మన ఆముదమే. యెంత వేడికైనా జారుడు చావదు. కాలితే వచ్చే వాసనను ఇంగ్లీషువాళ్లు యిప్పటికీ తలచుకుని మురిసిపోతారు. మన యిళ్లలో పసివాళ్ల మాడుకు పెట్టే వాసనకు వాళ్లు అంత పొంగిపోవడం తమాషా కాదూ! ఆ పందెపు నూనె సీసా కొనే తాహతు మామయ్యకు లేదు. మామూలు ఇంజను నూనెలో అమ్మమ్మ పెట్టుకున్న ఆముదం కలిపి పోశాడు. అమ్మమ్మ వారంరోజులు సీసాకోసం పనిమనిషిని సాధించింది.

అది 1964 ప్రాంతం, నాకు పన్నెండేళ్లు. అత్తయ్య పులిహోర కట్టి తెచ్చింది గాని, పందెం సాగినంతసేపూ బాటకు వీపు పెట్టి కూర్చుంది. యెనిమిది చుట్లు. మామయ్య చివరివాడు కాదు, చివరివాడికి ముందువాడు. ఆయన మా ముందునుంచి పోయిన ప్రతిసారీ అమ్మమ్మ తల వాసన గుప్పుమనేది. ఆఖరి చుట్టులో చప్పుడు తగ్గింది, ఇంజను ఆగింది. గీతకు యింకా నూరు గజాల పైచిలుకు వుంది. మామయ్య దిగి, స్టీరింగు ఒక చేత్తో పట్టుకుని బండి తోయడం మొదలుపెట్టాడు. పందెం అయిపోయింది, జనం లేస్తున్నారు. నేను తాడు దూరి పరుగెత్తి వెనుకనుంచి చెయ్యి వెయ్యబోయాను.

"ముట్టుకోకురా! దూరంగా పో!"

మామయ్య నన్ను అంతకుముందు కసిరింది లేదు, తర్వాతా లేదు. నేను యేడుస్తూ వచ్చి అత్తయ్య వొళ్లో తల పెట్టుకున్నాను. ఆయన ఒక్కడే తోసుకుంటూ గీత దాటి, బండి పక్కన నేలమీద చతికిలబడ్డాడు. యింటికొచ్చి ఇంజను విప్పితే లోపల పాకం ముదిరినట్టు జిగురు. ఆముదమూ ఆ నూనె పొత్తు కుదరలేదు. మళ్లీ పందెంలో దిగలేదు. ఆడపిల్ల మాట అత్తయ్య రెండోసారి అనవలసిన అవసరం రాలేదు.

ఆ కసురు నా మనసులో చాలా యేళ్లు ముల్లులా వుంది. పెద్దవాణ్ణయి, ఆయన పోయిన తర్వాత, ఆ పత్రికల కట్ట విప్పి చదివాను. 1959 డిసెంబరు 12, అమెరికాలో సెబ్రింగ్. ఆ యేటి ఆఖరి పందెం. చివరి చుట్టులో బ్రాభం బండిలో పెట్రోలు అయిపోయింది. గెలిచింది ఆయన జట్టువాడే, కుర్రవాడు బ్రూస్ మెక్లారెన్. బ్రాభం దిగి, ఒక్కడే బండి తోసుకుంటూ గీత దాటి నాలుగోవాడయ్యాడు, ఛాంపియనయ్యాడు. మరొకరు చెయ్యి వేశారా, ఆ ముగింపు లెక్కలోకి రాదు. మామయ్య ఆ పేజీ అంచు మడిచి పెట్టుకున్నాడు. నాకు ముందే చెప్పివుంటే యేం పోయేది?

తరువాత చోళవరానికి గోండల్ మహారాజు వంటివారు విదేశాలనుంచి పెద్దబండ్లు తెచ్చారు. షెడ్డు బండ్లకు చోటు తగ్గింది. 1990 నాటికి పందేలే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కట్టిన కొత్త బాటకు తరలిపోయాయి. కోయంబత్తూరు పిల్లవాడు నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో దిగాడు. 2010లో దిగిన కరుణ్ చంఢోక్ తాతగారు ఆ చోళవరం క్లబ్బు స్థాపకుల్లో ఒకరు. విందులో కుర్రవాడికి వీళ్లిద్దరూ తెలుసు. చోళవరం తెలియదు, అంతే.

యిక బాకీ. మామయ్య 1979లో పోయాడు. అత్తయ్య కూతురి దగ్గరికి నెల్లూరు వెళుతూ, "ఒరే నాయనా, ఆ బండి యెవరైనా తెలిసినవాళ్ల చేతిలో పెట్టు, ఆయన ప్రాణం అందులో వుంది" అంది. యిల్లు ఖాళీ చేయాలి, యజమాని తొందర, నాకు కొత్త వుద్యోగం. రెండు నెలలు చూశాను. చివరికి పాత ఇనుము కొనేవాడు వచ్చి, గొట్టాలు వేరు, అల్యూమినియం వేరు తూచి, నూట యెనభై రూపాయలు నా చేతిలో పెట్టాడు. "బండి యెవరికిచ్చావురా?" అని అత్తయ్య అడిగితే, "కోయంబత్తూరులో పందేలాడే కుర్రవాడొకడు తీసుకున్నాడు అత్తయ్యా" అన్నాను. ఆమె పదకొండేళ్లు బతికింది. పేపర్లో కోయంబత్తూరు పందేల సంగతి వచ్చినప్పుడల్లా మా మరదలిచేత చదివించుకుని వినేదట. ఆ నూట యెనభై రూపాయలు మనియార్డరు చేయడానికి ధైర్యం చాలలేదు, ఖర్చు పెట్టుకున్నాను.

మిగిలింది ఆ దిండు ఒక్కటే. ఇనుమువాడికి అక్కరలేక వదిలిపోయాడు.

మా మరదలికి యీ పత్రిక నెలనెలా నెల్లూరు వెళుతుంది. ముందు నేనే చెప్పాలని మొన్న రాత్రి ఫోను తీశాను. "యేం బావా, యీ వేళప్పుడు?" అంది. దోసావకాయ యెలా పెట్టావని అడిగి, పెట్టేశాను.