ల్యాబ్‌లో సాకెట్ విరిగితే తప్పెవరిది?

మన హాస్టల్ గదిలో గోడకున్న ప్లగ్గును ఒకసారి చూడండి. దానికొక త్రీ-వే ప్లగ్గు, దానికి మూడు ఛార్జర్లు, ఆ ఛార్జర్లకు వేలాడుతూ ఫోన్లు! కొన్నాళ్లకు సాకెట్ వదులై నిప్పురవ్వలు వస్తాయి. "ఎవడ్రా పాడు చేసింది?" అని కేక వినిపిస్తుంది. ఫలానా ఒక్కడు పాడు చేసింది కాదది. రోజూ వేలాడిన బరువు పాడు చేసింది. ఇదే సంగతి కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో మనలాంటి వాళ్ల చదువుకే అడ్డం పడుతోందని నా అభిప్రాయం.

ల్యాబ్‌లో సీఆర్వో అనే పరికరం ఉంటుంది. విద్యుత్ సంకేతాన్ని తెర మీద అలలాగా గీసి చూపిస్తుంది. దాని ముఖం మీద ఉండే గుండ్రటి సాకెట్లను బీఎన్‌సీ అంటారు. నీల్, కాన్సెల్మన్ అనే ఇద్దరు ఇంజనీర్ల పేర్లు అందులో ఉన్నాయి. పావు చుట్టు తిప్పితే చాలు, బిగుసుకుంటుంది. తీయడం, పెట్టడం ఎంతో సులువు. ఆ సులువే మనల్ని మోసం చేస్తుంది. సాకెట్‌కు ఒక టీ-కనెక్టర్, దానికి ఒక అడాప్టర్, దాని కొసన రెండు బరువైన వైర్లు తగిలిస్తాం.

డిగ్రీలో మా బ్యాచ్ ఎనిమిది మందికి ఒకటే సీఆర్వో. ఒకరోజు నేల మీదికి జారిన వైరు స్టూలు కాలికి చిక్కుకుంది. సాకెట్ పక్కకు ఒరిగింది, తెర మీద గీత మాయమైంది. అందరి చూపూ ముందు హాస్టల్ పిల్లల వైపే తిరిగింది. జరిమానా ఎనిమిది మందీ పంచుకున్నాం. ఆ డబ్బుల కన్నా పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. ఆ ఏడాదంతా నేను నాబ్ ముట్టుకోలేదు. పక్కవాళ్లు రీడింగులు చెబితే రికార్డు రాసుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. చేత్తో నేర్చుకోవలసిన విద్యను చెవితో విని పాసయ్యాను.

అసలు కారణం తర్వాత అర్థమైంది. బిందెను చంకన పెట్టుకొని మైలు దూరం నడిచే మన అమ్మలు, అదే బిందెను చాచిన చేత్తో పట్టుకొని నిమిషం నిలబడలేరు. బరువు అదే, దూరం పెరిగింది. సాకెట్‌కు 2 సెంటీమీటర్ల దూరంలో వేలాడే బరువును 10 సెంటీమీటర్లకు జరిపితే, వంచే బలం ఐదు రెట్లవుతుంది. చాలా పరికరాల్లో ఆ సాకెట్ లోపలి పిన్నును బోర్డుకు సోల్డర్ చేసి ఉంటారు. రోజూ కాస్త కాస్త వంగితే సోల్డర్ పగులుతుంది. వైరు కదిపినప్పుడల్లా గీత ఎగిరిపడుతుంటే అది తొలి హెచ్చరిక. సాకెట్ ఉన్నది సంకేతాన్ని మోయడానికి, బరువును మోయడానికి కాదు.

ఇది పేద కాలేజీ గొడవ మాత్రమే అనుకోకండి. 2022లో జిల్లా మారినా శ్రీహరికోట మన తీరమే కదా. 2010 డిసెంబర్ 25న అక్కడి నుంచి లేచిన జీఎస్ఎల్వీ-ఎఫ్06 దాదాపు 48 సెకన్లకు అదుపు తప్పింది. 64వ సెకనులో దాన్ని పేల్చివేయవలసి వచ్చింది. క్రయోజెనిక్ దశ అడుగున ఉన్న 10 కనెక్టర్లు ముందే ఊడిపోయాయని ఇస్రో తేల్చింది. అవి 292వ సెకను దాకా ఉండాలి. అవి ఊడడంతో కంప్యూటర్ ఆజ్ఞలు కింది దశకు చేరలేదు. ఇస్రో "ప్లగ్గు పెట్టిందెవరు?" అన్న దగ్గర ఆగలేదు, "దాని మీద ఏ బలం పడింది?" అని వెతికింది. అడుగు భాగాన్ని కప్పే కవచం డిజైన్ మార్చింది. వైర్లు వెళ్లే మార్గాన్ని గట్టిపరిచింది. ఆ కవచం కదలికను చూడడానికి కెమెరా కూడా పెట్టింది. 2014 జనవరి 5న జీఎస్ఎల్వీ-డి5 విజయవంతమైంది.

అంత పెద్ద సంస్థ నేర్చుకున్న పాఠం మన ల్యాబ్‌కు పనికిరాదా? ప్రతి సీఆర్వోకు అర మీటరు కేబుల్ ఒకటి శాశ్వతంగా తగిలించి, దాన్ని బల్లకు క్లిప్పుతో బిగించాలి. అడాప్టర్లన్నీ ఆ కేబుల్ కొసన, బల్ల మీద ఆనించి పెట్టాలి. అరిగితే కేబుల్ అరుగుతుంది, పరికరం మిగులుతుంది. మన రేవులో పడవ కట్టేవాళ్లు తాడు కొంచెం వదులుగా ఉంచుతారు. వైరుకూ ఆ వదులు ఉండాలి.

కేబుల్ కలిపితే కొలత మారదా అని అడిగేవారున్నారు. నిజమే, మీటరు కో-యాక్సియల్ కేబుల్‌కు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. హై ఫ్రీక్వెన్సీలో ఆ లెక్క చూసుకోవాలి. మనం డిగ్రీలో చేసే కొద్ది కిలోహెర్ట్జ్ ప్రయోగాల్లో చాలావాటికి అది అడ్డు కాదు.

లెక్చరర్లకు నా మనవి ఒక్కటే. పరికరాలను అల్మారాలో పెట్టి తాళం వేస్తే సాకెట్లు భద్రంగానే ఉంటాయి, విద్యార్థులే అక్కరకు రాకుండా పోతారు. మొదటి రోజు ల్యాబ్‌లో పది నిమిషాలు ఈ విషయం చెప్పండి. జరిమానా రాసే ముందు వైరు ఎలా వేలాడిందో చూడండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! భయపడి దూరంగా నిలబడకండి. బరువును బల్ల మీద పెట్టండి, చెయ్యి నాబ్ మీద పెట్టండి. నేను పోగొట్టుకున్న ఏడాది మీరు పోగొట్టుకోవద్దు.