'తర్వాత చూద్దాం' అనకండి

ఇంజినీరింగ్ ఫైనలియర్ ప్రాజెక్టు వైవాలో ప్రశ్నలు దాదాపు ఎక్కడైనా ఒకటే. ఎఫిషియెన్సీ ఎంత? ఖర్చెంత? ఏ సాఫ్ట్‌వేర్ వాడారు? 'ఇది పాడైపోయాక ఎలా విప్పుతారు?' అని అడిగే ఎగ్జామినర్ అరుదు. అడిగినా మన దగ్గర ఉండే జవాబు 'అది తర్వాత చూసుకోవచ్చు సార్' అనే. ఆ 'తర్వాత' ఎంత ఖరీదైనదో సోలార్ ప్యానెల్‌ని చూస్తే తెలుస్తుంది.

ప్యానెల్‌లో పైన గాజు, కింద ప్లాస్టిక్ షీటు, మధ్యలో సిలికాన్ సెల్స్ ఉంటాయి. వీటన్నిటినీ పట్టి ఉంచేది ఈవీఏ అనే పొర. వేడిచేసి అదిమితే అతుక్కుపోతుంది, మళ్లీ ఊడదు. పాతికేళ్లు ఎండకూ వానకూ తట్టుకోవాలంటే కావాల్సింది అదే కాబట్టి, దాన్ని ఎంచుకున్న ఇంజినీర్లను తప్పుపట్టలేం. కానీ ఆ గుణమే ఇప్పుడు గుదిబండైంది. లోపలి వెండినీ సిలికాన్‌నూ విడదీయాలంటే కొలిమిలో కాల్చాలి, లేదా రసాయనాల్లో నానబెట్టాలి. అంత ఖర్చు ఎందుకని చాలాచోట్ల అల్యూమినియం ఫ్రేమ్, వైర్లు ఊడదీసుకుని మిగతాది పొడి కొట్టేస్తున్నారు. మన కర్నూలు సోలార్ పార్కు ఒక్కటే 1000 మెగావాట్లు. అందులోని లక్షల ప్యానెళ్లూ ఏదో ఒకరోజు దిగాల్సినవే. 2022 ఈ-వేస్ట్ నిబంధనలేమో 2034-35 వరకు వచ్చే ప్యానెల్ వ్యర్థాలను తయారీదారులు నిల్వ చేయాలంటున్నాయి. నాకైతే ఇదీ 'తర్వాత చూద్దాం' లాగే వినిపిస్తోంది.

డేవిడ్ కాలింగ్రిడ్జ్ అనే పరిశోధకుడు ఈ చిక్కును 1980లోనే చెప్పారు. టెక్నాలజీ కొత్తగా ఉన్నప్పుడు మార్చడం తేలికే, కానీ దాని ప్రభావం తెలియదు. తెలిసేసరికి ఫ్యాక్టరీలూ పెట్టుబడులూ దాని చుట్టూ అల్లుకుపోయి ఉంటాయి. ఇప్పుడు ల్యాబ్‌ల నుంచి బయటికొస్తున్న పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్స్ విషయంలో కాస్త మేలు. మంచి ఎఫిషియెన్సీ ఇచ్చే రకాల్లో ఎక్కువవాటిలో సీసం ఉంది. ప్యానెల్ పగిలితే అది వాననీటిలో కలుస్తుందేమోనన్న ప్రశ్న ముందే వచ్చింది. అందుకే సీసం బదులు తగరం వాడటం, సీసాన్ని పీల్చుకునే పొర వేయడం లాంటి ప్రయత్నాలు ఇప్పుడే నడుస్తున్నాయి.

ముడిసరుకు తవ్వకం నుంచి పారేసేదాకా ఒక వస్తువు భారాన్ని లెక్కకట్టే పద్ధతే లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్. ల్యాబ్ దశలో ఆ లెక్కలు తప్పుతాయి కదా అంటారు. నిజమే. గ్రాము పదార్థం కోసం ల్యాబ్ కొలిమి కాల్చే కరెంటును ఫ్యాక్టరీతో పోలిస్తే ఏ కొత్త ఐడియా అయినా చెత్తగానే కనిపిస్తుంది. అందుకే ఒకే అంకె కాకుండా 'ఇంత నుంచి ఇంత వరకు' అని చెప్పాలి. ఏ దశ ఎక్కువ బరువు మోపుతోందో తెలిసినా చాలు, డిజైన్ మార్చుకోవచ్చు.

'సస్టెయినబిలిటీ ఇంజినీర్' అనే పేరుతో ఫ్రెషర్లకు ఉద్యోగాలు కుప్పలుగా ఉన్నాయని నేను చెప్పను. ఆ పేరు చెప్పి వేలకు వేలు గుంజే సర్టిఫికెట్ కోర్సులకు తొందరపడొద్దు. అయితే మార్కెట్ విలువలో ముందున్న 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి ఏటా పర్యావరణ వివరాలతో సెబీ కోరిన నివేదిక ఇవ్వాల్సి వస్తోంది. ఆ లెక్కలు ఎవరో ఒకరు కట్టాలిగా! ఓపెన్‌ఎల్‌సీఏ సాఫ్ట్‌వేర్ ఉచితమే. మీ ప్రాజెక్టులో ఏ పదార్థం ఎంత, కరెంటు ఎంత, విప్పడం ఎలా అని రిపోర్టులో ఒక్క పేజీ రాయండి. (అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టుకైతే రాయడం కష్టం, అది వేరే సంగతి.) ఇంటర్వ్యూలో ఆ పేజీ గురించి అడగకపోతే మీరే ఎత్తండి.