ఆడి చూడకుండా మార్కులా?

బాలికల హక్కుల ప్రచారంలో మన సంస్థలు పాటలు, వీధి నాటకాలతో పాటు ఆటలనూ వాడుతూనే ఉన్నాయి. ఆ ఆటలను బాలికల చేతే తయారుచేయించి పోటీ పెట్టడం మంచి ఆలోచనే. విజయనగరం జిల్లాలో అలాంటి పోటీ పెట్టదలచిన మిత్రులు బహుమతుల కంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. ఎంట్రీలను ఎవరు, ఏం చూసి నిర్ణయిస్తారు?

కేంద్ర ప్రభుత్వం 2021లో టాయ్‌కథాన్ నిర్వహించింది. స్త్రీ శిశు అభివృద్ధి శాఖ కూడా అందులో భాగస్వామి. సుమారు 1.2 లక్షల మంది నమోదు చేసుకోగా, వచ్చిన 17,000కు పైగా ఆలోచనల్లో 1,567 తుది దశకు ఎంపికయ్యాయి. కోవిడ్ ఆంక్షల వల్ల జూన్ 22 నుంచి 24 వరకు ఆన్‌లైన్‌లో జరిగిన ఫైనల్‌ను డిజిటల్ ఆలోచనలకే పరిమితం చేసి, మిగిలిన వాటికి వేరే కార్యక్రమం పెడతామన్నారు. కారణం సబబే. అయినా కంప్యూటర్ అందుబాటులో ఉన్నవారికే తలుపు ముందు తెరుచుకుంది. నెల్లిమర్లలో ఒక పిల్ల గోనెసంచి మీద బొగ్గుతో గళ్లు గీసి, చింతపిక్కలతో ఆట కడితే, ల్యాబ్ ఉన్న బడి పిల్లతో సమానంగా ఆమెకు ‘ప్రదర్శన’ మార్కులు ఎలా వస్తాయి? ఆటను పైపైన చూసి మార్కులేయడం పెళ్లిచూపుల్లో రంగూ పొడుగూ చూసి అమ్మాయిని అంచనా కట్టడం లాంటిదే.

ఆట అసలు సంగతి దాని నియమాల్లో ఉంటుంది. మనం చేయించే అవగాహన ఆటల్లో చాలావాటికి వైకుంఠపాళే నమూనా. బడి మానేస్తే పాము, చదువుకుంటే నిచ్చెన. ఆడి చూస్తే గాని బోధపడదు, అందులో ఆడేవారు నిర్ణయించేది ఏమీ లేదని. అంతా పాచికదే. హక్కుల పేరిట మనం నేర్పుతున్నది తలరాతనే. పైగా ఆ పాము బడి మానేసిన పిల్లను మింగుతుంది గాని మాన్పించినవారిని ముట్టదు! ఆడవాళ్ల కాలక్షేపమని తీసిపారేసే వామనగుంటల్లో 14 గుంటలుంటాయి. తన వైపున్న ఏడింటిలో దేన్నుంచి పిక్కలు తీయాలో ఆడే మనిషే లెక్కవేసుకుని తేల్చుకోవాలి.

కనుక న్యాయనిర్ణేతలు కింద కూర్చుని ప్రతి ఆటనూ కనీసం రెండుసార్లు ఆడాలి. సగం మార్కులు ఆడిన బాలికల చేతిలో ఉండాలి. నియమాలను తయారుచేసిన పిల్ల తన మాటల్లో నోటితో చెబితే చాలు. పక్కనున్న మన్యం జిల్లా నుంచి వచ్చే సవర పిల్లలకు పుస్తకాల తెలుగులో రాసిపెట్టమనడం మరో పరీక్ష పెట్టడమే. ఇదంతా వ్యక్తిగత అభిప్రాయం కిందికి వస్తుందనే వారుంటారు. అంకెల్లో వేసినంత మాత్రాన అభిప్రాయం అభిప్రాయం కాకుండా పోతుందా? ఎందుకు నచ్చిందో, ఎందుకు నచ్చలేదో రెండు వాక్యాలు రాసి ప్రతి పిల్లకూ ఇవ్వాలి. తాను పనిచేసే ఊరి ఎంట్రీకి ఏ కార్యకర్తా మార్కులు వేయకూడదు. మన రంగంలో అందరికీ అందరూ తెలుసు మరి.

ఇక పేరు సంగతి. మనం ‘బిజినెస్’ అని ఆడుకునే ఆటకు మూలమైన ‘మొనాపలీ’ వెనుక ఎలిజబెత్ మాగీ అనే అమెరికన్ మహిళ ఉంది. భూస్వామ్యపు అన్యాయాన్ని చూపడానికి తాను రూపొందించిన ఆటకు ఆమె 1904లో పేటెంటు పొందింది. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆమె హక్కులను 500 డాలర్లకు కొనుక్కుంది. సృష్టికర్తగా దశాబ్దాల పాటు చెలామణీ అయింది మాత్రం చార్లెస్ డారో. మన పోటీలో గెలిచిన ఆటను సంస్థ అచ్చువేస్తే పెట్టె మీద టీచరు పేరుంటుందా, కోఆర్డినేటరు పేరుంటుందా, ఆ పిల్ల పేరుంటుందా అన్నది దరఖాస్తు ఫారంలోనే రాయాలి.