టాకోమీటరు సాక్ష్యం

దుబాయి నగరానికి తూర్పున, షార్జా సరిహద్దును ఆనుకొని ఉన్న అల్ కుసైస్ అనగానే ప్రవాస కుటుంబాలకు పిల్లల బడులు, అద్దె ఇళ్లు గుర్తుకు వస్తాయి. ఆ ఇళ్లకు కొద్ది దూరంలోనే పారిశ్రామిక వాడ ఉన్నది. అక్కడి మోటారు షెడ్లకు నిత్యం వచ్చే జపాను కార్ల నడుమ ఎప్పుడైనా ఒక పాత బ్రిటిషు స్పోర్ట్సు కారు వచ్చి నిలిస్తే పనివారందరూ ఒకసారి చుట్టూ చేరుతారు. ఇటువంటి కార్ల యజమానులు తరచుగా చేసే ఫిర్యాదు ఒకటి ఉన్నది. ఇంజను నడుస్తున్నది గాని, టాకోమీటరు సూది కదలడం లేదు, లేదా ఊరకే గెంతుతున్నది అని. దానికి లభించే సమాధానమూ తరచుగా ఒకటే: మీటరు పోయింది, మార్చాలి. పరీక్షకు ముందే వచ్చే ఈ తీర్పు అనేక సందర్భాలలో తొందరపాటు.

టాకోమీటరు ఏమి కొలుస్తుందో తెలిస్తే ఈ మాట ఎందుకు అనవలసి వచ్చినదో బోధపడుతుంది. 1962లో వెలువడిన ఎం.జి.బి. కారునే తీసుకోవచ్చు. దాని తొలి నమూనాలలో ఇంజను నుండి వచ్చే కేబులు మీటరును తిప్పేది. 1964 చివరలో ఆ కేబులు పోయి, స్మిత్స్ సంస్థ వారి ఎలక్ట్రానిక్ మీటరు వచ్చింది. ఈ తొలి ఎలక్ట్రానిక్ మీటరుకు ఇంజను భ్రమణంతో నేరుగా సంబంధం లేదు. ఇగ్నిషన్ కాయిలుకు వెళ్లే తీగ ఒక చుట్టుగా మీటరు వెనుక నుండి సాగుతుంది. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు విడివడినప్పుడల్లా ఆ తీగలో ప్రవాహం తెగుతుంది. ఆ తెగుళ్లను లెక్కించడమే మీటరు పని. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్కొక్క భ్రమణానికి రెండు నిప్పురవ్వలు పుడతాయి. నిమిషానికి 3000 భ్రమణాల వద్ద క్షణానికి 100 రవ్వలన్నమాట. సూది చూపేది ఆ రవ్వల లెక్కనే.

కనుక సూది తప్పుగా చూపినప్పుడు మీటరును అనుమానించినంతగా ఇగ్నిషన్‌ను కూడ అనుమానించాలి. దూతను వధించరాదని విభీషణుడు నిండు సభలో చెప్పిన నీతి మోటారు షెడ్డుకూ వర్తిస్తుంది. సూది గెంతినప్పుడు ఇంజను కూడ తడబడితే దోషం పాయింట్లలోనో, కండెన్సరులోనో, డిస్ట్రిబ్యూటరులోని వదులు తీగలోనో ఉండవచ్చు. ఇంజను నిలకడగా ఉండి సూది ఒక్కటే గెంతితే అప్పుడు మీటరును, దాని కనెక్షన్లను చూడాలి. కదిలే కారులో ఇంజను హఠాత్తుగా శక్తి కోల్పోయినప్పుడు, చక్రాలు దానిని ఇంకా తిప్పుతూ ఉండగానే సూది సున్నకు పడిపోతే రవ్వ ఆగిందని అర్థం. ఇంజనుతో పాటు సూది మెల్లగా దిగితే పెట్రోలు సరఫరాను అనుమానించడం న్యాయం. ఇంత చక్కని సాక్షిని పెరికి పారవేసి కొత్తదానిని బిగిస్తే అసలు రోగం లోపలనే మిగిలిపోతుంది.

సూది బొత్తిగా కదలకపోయినా తొందరపడనక్కరలేదు. ఎం.జి.బి.లో మీటరుకు విద్యుత్తు తెచ్చే ఆకుపచ్చ తీగల నుండే పెట్రోలు గేజికీ, మలుపు దీపాలకూ సరఫరా అందుతుంది. అవి కూడ పనిచేయకపోతే ఫ్యూజును చూడవలెను. అవి పనిచేస్తూ ఉంటే మీటరు వెనుక ఎర్తు తీగను గీకి శుభ్రం చేసి మళ్లీ బిగించవలెను. ఈ రెండింటికీ పావుగంట చాలు. మరొక చిక్కు 1967కు పూర్వపు కార్లది. వాటిలో బ్యాటరీ ధన ధ్రువమే బాడీకి కలిసి ఉండేది. తరువాతి కాలంలో రేడియో కోసమో, ఆల్టర్నేటరు కోసమో ఎవరో ధ్రువాలను తారుమారు చేసి, మీటరు లోపలి సర్క్యూటును అట్లాగే వదిలివేసి ఉండవచ్చు. పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టిన కార్లలో కూడ ఈ పాత మీటరు కొన్నిసార్లు మొరాయిస్తుంది.

మీటరు నిజంగానే చెడిపోవడం ఉండదని కాదు. గల్ఫు వేసవిలో మూసి నిలిపిన కారు లోపలి వేడి 60 డిగ్రీల సెల్సియసు దాటగలదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుర్దాయం ప్రతి 10 డిగ్రీలకు సుమారు సగానికి తగ్గుతుందని ఎలక్ట్రానిక్స్ వారి లెక్క. అర్ధశతాబ్దం దాటిన మీటరులో అవి ఎండిపోతే సూది సాఫీగానే కదులుతుంది గాని అబద్ధం చెబుతుంది. దానిని పట్టుకోవడానికి లెక్క చాలు. ఓవర్‌డ్రైవ్ వేయకుండా నాలుగవ గేరులో ఎం.జి.బి. ప్రతి 1000 భ్రమణాలకు గంటకు సుమారు 29 కిలోమీటర్ల వేగంతో పోతుంది. చేతి ఫోనులోని జి.పి.ఎస్. వేగం 87 చూపుతున్నప్పుడు సూది 3000 దగ్గర ఉండాలి. ఫోను చూడవలసినది పక్క సీటులోని వారేనని వేరే చెప్పనక్కరలేదు. చోకు ఉన్న పాత ట్యూబులైటు మరొక సాధనం. అల్ కుసైస్‌లోనూ ఆంధ్రలోనూ కరెంటు 50 హెర్ట్జులే గనుక అది క్షణానికి 100 మార్లు మినుకుతుంది. ఇంజను ముందరి పుల్లీపై సుద్దతో ఒక గీత గీసి ఆ వెలుగులో దూరం నుండి చూస్తే, సరిగా 3000 వద్ద అది ఎదురెదురుగా రెండు గీతలై నిలిచినట్లు కనిపిస్తుంది. భౌతికశాస్త్రం చదివే పిల్లలకు ఇది చూపదగినది.

ఇన్ని పరీక్షలు ఎందుకు, పాత సామాను కొట్లో దొరికిన మీటరు పెట్టేస్తే పోలేదా అనేవారు ఒక్క ప్రమాదాన్ని గమనించాలి. ఒకే సంస్థ తయారుచేసిన నాలుగు సిలిండర్ల మీటరు, ఆరు సిలిండర్ల మీటరు చూపులకు కవలలవలె ఉంటాయి. ఆరింటిదానిని నాలుగింటి ఇంజనుకు బిగిస్తే అది మూడింట రెండు వంతులే చూపుతుంది. ఇంజను 6000తో గింగిరాలు తిరుగుతూ ఉండగా సూది ప్రశాంతంగా 4000 చూపుతుంది. అది చూసి యజమాని ఇంకా తొక్కుతాడు. చెడిన మీటరును మార్చబోయి మంచి ఇంజనును పోగొట్టుకోవడం అంటే ఇదే.

ఈ తొందరపాటుకు మెకానిక్కును మాత్రమే నిందించడం న్యాయం కాదు. కరీంనగరు నుండో, కడప నుండో వచ్చి గల్ఫు షెడ్డులో పనిచేసే కుర్రవానికి ఈ తర్కం అందనిదేమీ కాదు. కాని గంటసేపు వెదకి డిస్ట్రిబ్యూటరులో ఒక వదులు తీగ పట్టుకున్నవాడికి బిల్లులో వ్రాయడానికి వస్తువేదీ ఉండదు. కొత్త మీటరుకైతే ధర ఉన్నది, బిగింపు కూలి ఉన్నది. వైద్యునికి పరీక్ష ఫీజు మారుమాట లేకుండా చెల్లించే యజమాని ఇక్కడ మాత్రం మార్చిన సామానుకే డబ్బు ఇస్తానంటాడు. వెదికినందుకు కూలి ముందుగానే ఒప్పుకొని, మీటరు వద్ద అందుతున్న వోల్టేజి ఎంత, ఎర్తు ఎట్లా ఉన్నది, వేరే సాధనంతో పోల్చినప్పుడు తేడా ఎంత అనే మూడు అంకెలను బిల్లుపై వ్రాయమని అడగాలి. అవి చూసిన తరువాత కూడ మార్చక తప్పదంటే మార్చుకోవచ్చు. పాత మీటరును మాత్రం షెడ్డులో వదలక ఇంటికి తెచ్చుకోవాలి. లోపలి కెపాసిటరు మార్చి దానిని బాగుచేయగల చేతులు ఇంకా ఉన్నాయి.