రాతిగొడ్డలి వయస్సు, త్రేతాయుగ గణన

చెన్నైకి వాయవ్యదిశలో సుమారు 60 కిలోమీటర్ల దూరాన, కొసస్థలైయార్ నదీపరీవాహంలో అత్తిరంపాక్కం అనే గ్రామం ఉన్నది. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అక్కడ రాతిపనిముట్లను గుర్తించాడు. శాంతి పప్పు బృందం అక్కడే త్రవ్వకాలు జరిపి, అడుగుపొరలలోని చేతిగొడ్డళ్ల వయస్సు సగటున 15.1 లక్షల సంవత్సరాలని 2011లో ప్రకటించింది.

పౌరాణిక గణనలో త్రేతాయుగం సుమారు 21.65 లక్షల సంవత్సరాల క్రితం ఆరంభమై, 8.69 లక్షల సంవత్సరాల క్రితం ముగిసింది. ఈ సంఖ్యలను ప్రక్కప్రక్కన చూడగానే రామాయణకాలానికి నిదర్శనం లభించిందనే ఉత్సాహం ఆస్తికులకు కలగడం సహజం. ఆ ఉత్సాహంలో శ్రద్ధ ఉన్నది. ప్రమాణవిచారం మాత్రం లేదు.

రాతి వయస్సు ప్రత్యక్షగోచరం కాదు. రాయి నేలపై ఉన్నంతకాలం విశ్వకిరణాల తాకిడికి దానిలోని స్ఫటికకణాలలో అల్యూమినియం-26, బెరీలియం-10 జనిస్తాయి. లోతున పూడిన పిమ్మట ఉత్పత్తి దాదాపు ఆగి, క్షయమే మిగులుతుంది. మొదటిది సుమారు 7 లక్షల ఏళ్లలో సగమవుతుంది. రెండవదానికి దాదాపు 14 లక్షల ఏళ్లు పడుతుంది. మారిన నిష్పత్తిని బట్టి రాయి ఎంతకాలంగా భూగర్భంలో ఉన్నదో నిర్ణయిస్తారు. ధూమాన్ని చూచి వహ్నిని గ్రహించినట్లే ఇదీ అనుమానప్రమాణం. తేలేది పూడిన కాలమే, చెక్కిన క్షణం కాదు. ఆ మట్టిపొరలలో నిక్షిప్తమైన అయస్కాంతదిశ నేటికి విపరీతంగా ఉండడం, అవి 7.8 లక్షల ఏళ్లకు పూర్వపువని వేరుగా ధ్రువపరుస్తున్నది. అయినా సగటుకు అటూ ఇటూ 70 వేల ఏళ్ల సందిగ్ధత మిగిలే ఉన్నది. కలియుగంలో ఇంతవరకు గడచిన కాలానికి అది పదమూడు రెట్లకు పైమాటే!

ఇక హేతువును పరీక్షించాలి. కెన్యాలో టర్కానా సరస్సు పశ్చిమతీరాన, కొకిసెలేయ్‌లో లభించిన చేతిగొడ్డళ్లు 17.6 లక్షల ఏళ్లనాటివి. అవీ త్రేతాయుగ పరిధిలోనివే. కాలసామ్యమే హేతువైతే అది అయోధ్యను ఎంత సాధిస్తుందో కెన్యానూ అంతే సాధిస్తుంది. నైయాయికులు ఇట్టిదానిని సవ్యభిచార హేత్వాభాసమంటారు. పైగా రేపు మరొక పద్ధతి ఈ సంఖ్యను సవరిస్తే, దానికి ముడివేసిన విశ్వాసాన్నీ సవరించుకోవలసి వస్తుంది. అతీంద్రియమైన ధర్మాన్ని బోధించే శబ్దప్రమాణానికి ప్రయోగశాల ఊతం అవసరమని తలచడమే దాని గౌరవాన్ని తగ్గించడం.

వేదాంతి నిజంగా విచారించదగినది ఆ గొడ్డలిలో వేరొకటి ఉన్నది. ఇరువైపులా చెక్కి దాదాపు సమాకృతిగా తీర్చిన ఆ రూపం, తొలి దెబ్బ పడకమునుపే ఒకని బుద్ధిలో ఉండి ఉండాలి. ఘటానికి ముందు కులాలుని సంకల్పాన్ని చర్చించిన సంప్రదాయానికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు.