అమ్మ కాల్‌ను పైకి తోసేసిన వేలు

జనవరి నెల. కోసిగి వైపు నేను పాఠాలు చెప్పే పల్లెలో సగం ఇళ్ళకు తాళాలు. దీపావళి దాటాక పత్తి తీతకు పోయినవాళ్ళు అటు నుంచి అటే గుంటూరు వైపు మిరపకోతకు పోయారు. మా పడమటి పల్లెల్లో దీన్ని సుగ్గికి పోవడం అంటారు. ఉగాది దాకా ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళు, బడి పిల్లలు.

వారం రోజులుగా బడికి రాని అయిదో తరగతి పిల్లవాడి కోసం ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అవ్వ పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు తడుతోంది. వాడు గడపలో కూర్చుని సెల్లు చూస్తున్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నా తల ఎత్తలేదు. ఎవరో ట్రాక్టర్‌ను వెనక చక్రాల మీద లేపుతున్నారు. అది అయిపోకముందే ఇంకొకరు డాన్సు. ఆ వెంటనే పాము. అంతలో తెర పైభాగాన ఒక పట్టీ దిగింది. 'అమ్మ' అని పేరు, పక్కన చిన్న ఫోటో. వాడు ఆ పట్టీని బొటనవేలితో పైకి తోసేశాడు. ముఖం మీద వాలిన ఈగను తోలినట్టు, చూడకుండానే తోసేశాడు.

అక్కడ ఏదో చేను గట్టున, పొద్దంతా వంగి కాయలు కోసిన ఒక తల్లి సెల్లు చెవికి ఆనించుకుని రింగు వింటూ ఉంటుంది. ఎత్తకపోతే పిల్లోడు ఆడుకోను పోయాడేమో, అవ్వకు వినపడలేదేమో అనుకుంటుంది. ఆ సెల్లు కొనిచ్చింది ఆమేనట. పోయినేడు సుగ్గి డబ్బుల్లోంచి తీసి, కొడుకు గొంతు వినడానికే కొన్నదని రొట్టె తిరగేస్తూ అవ్వ చెప్పింది.

ఆ రాత్రి ఆదోనిలో ఇల్లు చేరాక నా ఫోన్ తీసి చూసుకున్నాను. ఎమ్మిగనూరు నుంచి మా అమ్మ ఆ వారంలో అయిదుసార్లు చేసింది. నేను ఎత్తింది రెండుసార్లు. మిగిలిన మూడింటిలో ఒకసారి పొయ్యి మీద పాలున్నాయి. రెండుసార్లు మంచం మీద ఒరిగి, నేనెన్నడూ చూడని వాళ్ళ గృహప్రవేశం వీడియోలు చూస్తున్నాను. 'తర్వాత చేస్తా' అని మెసేజ్ కొట్టాను. మా అమ్మకు మెసేజ్ చదవడం రాదు.

పిల్లలు సెల్లుకు బానిసలయ్యారని సభల్లో, తల్లిదండ్రుల సమావేశాల్లో ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్నాను. సెల్లు లాక్కోండి, పగలగొట్టండి అనేవాళ్ళతో మాత్రం నేను ఏకీభవించలేను. నేను 2002లో ఉద్యోగంలో చేరినప్పుడు సుగ్గికి పోయిన మనుషులు నాలుగు నెలలు కనిపించేవాళ్ళు కారు. ఒక ఏడాది ఊళ్ళో ముసలాయన చనిపోతే కొడుకులకు కబురు చెప్పడానికి మనిషిని రైలెక్కించి పంపారు. వాళ్ళు ఏ ఊళ్ళో, ఎవరి చేలో ఉన్నారో వెతికి పట్టుకునేలోపు ఇక్కడ మట్టి చేసేశారు. పిల్లకు జ్వరమొచ్చి తగ్గిపోయాక గానీ తల్లికి తెలిసేది కాదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డాటా చవకయ్యాక ఆ దూరం ఎంత తగ్గిందో పట్నంలో ఉన్నవాళ్ళకు అర్థం కాదు. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి రథం కదిలేటప్పుడు వేల చేతులు సెల్లులు పైకెత్తుతాయి. దేవుణ్ణి కండ్లతో చూడరా అని పెద్దలు విసుక్కుంటారు. పోయిన జాతరలో నా ముందు నిలబడిన పిల్లకాయ సెల్లు ఎత్తి పట్టుకుని "అదిగో నాయనా, గుడి దాటింది" అని కేకలు పెడుతున్నాడు. తెరలో ఒక మనిషి మిరప చేలో నిలబడి రెండు చేతులూ జోడించాడు.

అందుకే నా బాధ వేరు. ఎడబాసిన మనుషులను కలపడానికి ఇంట్లోకి తెచ్చుకున్న వస్తువే ఆ కలిసే క్షణాన్ని మింగేస్తోంది. ఆ కలపడాన్ని, ఈ మింగడాన్ని ఎట్లా వేరు చేయాలన్నదే ప్రశ్న.

అట్లా కలిసే క్షణాలను నేను చిన్నప్పుడే చూశాను. పుట్టింది ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇంట్లో. మాచాని సోమప్పగారు 1938లో మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం మా వీధుల్లో ఎన్నో ఇళ్ళకు అన్నం పెట్టింది. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ హాయిగా కబుర్లు చెప్పుకునేవాళ్ళమని నేను చెప్పను. అప్పులుండేవి. మా నాయన రోజుల తరబడి నోరు తెరిచేవాడు కాదు. కానీ ఆయన మగ్గం చప్పుడు ఆగితే ఇంట్లో అందరికీ తెలిసేది. పోగు తెగిందా, కండె అయిపోయిందా, నడుము పట్టిందా అని వంటింట్లో ఉన్న అమ్మ చప్పుడును బట్టి చెప్పేది. పడుగు పూర్తిగా అయిపోతే మగ్గం ఆగిపోయేది. అప్పుడు అచ్చు అతకాలి. పాత పోగు కొస, కొత్త పోగు కొస ఒకచోట చేర్చి, వేళ్ళకు బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. వందల పోగులు. అమ్మ, నేను, అక్క ఎదురెదురుగా కూర్చుని అతికేవాళ్ళం. చేతులకే పని, నోటికి పని లేదు. నాకు తెలిసిన చుట్టరికాలన్నీ, మా అమ్మ పుట్టింటి కష్టాలన్నీ, అక్క మనసులో ఉన్న పెళ్ళి సంగతి కూడా అచ్చు అతికేటప్పుడే బయటికి వచ్చాయి.

పడుగుకు కొస ఉంది కాబట్టే ఆ మాటలకు చోటు దొరికింది. చేతిలో తెరకు కొస లేదు. వేలితో జరిపేకొద్దీ కింది నుంచి కొత్తవి వస్తూనే ఉండే ఏర్పాటును 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు. పేజీ మార్చే శ్రమ తప్పించాలని చేసిన పని మనుషుల గంటలను తినేస్తోందని తర్వాత ఆయనే బహిరంగంగా బాధపడ్డాడు. 2020 జూన్‌లో మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధిస్తే పల్లెల్లో ఊపిరి పీల్చుకున్న తల్లులను చూశాను. ఆ మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ మొదలుపెట్టింది. తర్వాత యూట్యూబ్ షార్ట్స్. పేరు మారింది గానీ వేలు చేసే పని మారలేదు. అటువైపు ఇంతమంది నిపుణులు కూర్చుని కన్ను తిప్పనీయకుండా చేస్తుంటే, ఇటువైపు పదేళ్ళ పిల్లవాడికి 'మనసు అదుపులో పెట్టుకో' అని చెప్పడం అన్యాయం.

ఇందులో మా ఉపాధ్యాయుల పాపం కూడా ఉంది. కరోనాలో బడులు మూతపడినప్పుడు, సెల్లు లేని ఇంటికి సెల్లు తెచ్చుకోమని చెప్పింది మేమే. అది అప్పటి అవసరం. బడులు తెరిచి ఏళ్ళు గడిచాక కూడా హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు నాకు పోలేదు. రాత్రి ఏడింటికి నేను లెక్కల ఫోటో పెడితే, ఆ లెక్క చూడాలని పిల్లవాడు సెల్లు అడుగుతాడు. అవ్వ ఇస్తుంది. లెక్క ఒక్క నిమిషం, మిగతాదంతా రీల్స్. ఆ గడపలో కూర్చున్న రోజే ఆ సంగతి అర్థమైంది. మరునాటి నుంచి హోంవర్క్ నల్లబల్ల మీదే రాస్తున్నాను, పిల్లలు నోటుబుక్కులో ఎక్కించుకుంటున్నారు. ప్రతి బడీ ఈ ఒక్క పని చేయాలని గట్టిగా అడుగుతున్నాను.

భార్యాభర్తల మధ్య ఇది చేస్తున్న చేటు గురించి బయట మాట్లాడరు. భర్త బెంగళూరులో తాపీ పని, భార్య ఊళ్ళో పిల్లలతో. రాత్రి పదకొండింటికి ఆయన వాట్సాప్ తెరిస్తే ఆమె 'ఆన్‌లైన్' అని కనబడుతుంది. "ఇంకా మేలుకొని ఎవరితో మాట్లాడుతున్నావు?" అని ఫోన్. ఆమె చూస్తున్నది వంటల వీడియో కావచ్చు, నిద్రపట్టక చెల్లెలికి మెసేజ్ పెడుతుండవచ్చు. ఆయన నమ్మడు. మా బడికి పిల్లను దించడానికి వచ్చే ఒకమ్మ, భర్త అనుమానం పడలేక సాయంత్రం ఆరింటికే సెల్లు ఆపేసి పెట్టెలో పెడుతుంది. అప్పుడు "ఎందుకు ఆపావు?" అని ఇంకో గొడవ. అన్ని మైళ్ళ అవతలున్న మనిషి రోజంతా ఎట్లా గడిపిందో అడగడు, 'ఆన్‌లైన్' అన్న మాటనే కనిపెట్టుకుని ఉంటాడు. ఆ అనుమానం యాప్‌తోనే పుట్టిందని నేను అనను. కానీ ఇంతకుముందు అనుమానానికి ఇంత మేత దొరికేది కాదు.

చట్టాలతో ఇది ఆగుతుందా? పదహారేళ్ళ లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని ఆస్ట్రేలియా 2024 నవంబరులో చట్టం చేసి 2025 డిసెంబరు 10 నుంచి అమలు చేస్తోంది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డాటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకారం కావాలి. మంచివే. కంపెనీల మెడ వంచాల్సింది ప్రభుత్వాలే. అయితే ఆ గడపలో పిల్లవాడి చేతిలో ఉన్న సెల్లు సిమ్ నాయన పేరు మీద ఉంది, ఖాతా మేనమామ పేరు మీద ఉంది, సెల్లు అమ్మ కొన్నది. ఆ చట్టాల కంటికి అక్కడ పిల్లవాడే లేడు.

నాకు ఆశ కలిగించింది మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచె వడ్‌గావ్ అనే పల్లె. 2022 ఆగస్టు 15న ఆ ఊరు ఒక కట్టుబాటు చేసుకుంది. రోజూ సాయంత్రం ఏడింటికి గుడి మీది సైరన్ మోగుతుంది. గంటన్నర పాటు టీవీలు, సెల్లులు బంద్. ఇందులో కీలకం సైరన్ కాదు, అది అందరికీ మోగడం. ఒక్క ఇంట్లో ఆపితే పిల్లవాడు పక్కింటి గడపలో కూర్చుంటాడు. ఊరంతా ఆపితే పోయే గడప లేదు. మా పల్లెలకు దాన్ని మన అవసరానికి తగ్గట్టు మార్చుకోవాలి. సుగ్గికి పోయినవాళ్ళు వండుకుని తిని ఫోన్ చేసేది ఏడున్నర, ఎనిమిదిన్నర మధ్య. ఆ గంట సెల్లు పిల్లల చేతిలో ఉండకూడదు, పెద్దల దగ్గర ఉండాలి, కాల్ కోసమే ఉండాలి. గుడి మైకు ఉంది, మసీదు మైకు ఉంది. రెండింటిలోనూ ఒక్క మాట చెబితే చాలు. ముందు పెద్దలు పాటించాలి. అరుగు మీద నలుగురు మగవాళ్ళు నాలుగు తెరలు చూస్తూ పిల్లలకు ఈ మాట చెబితే ఎవరూ వినరు. చెయ్యి దాటిపోయిన పిల్లలకు బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరులో డబ్బు కట్టకుండా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. సిగ్గుపడి దాచుకోకండి.

ఊరి పెద్దలను ఇంకా ఒప్పిస్తూనే ఉన్నాను. అవ్వ మాత్రం వాళ్ళ కోసం ఆగలేదు. వాడు అమ్మ కాల్‌ను తోసేసిన సంగతి నేను చెప్పిన రోజు ఆమె ఏమీ అనలేదు, రొట్టె పెనం మీద మాడిపోయింది. పది రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళేసరికి సెల్లు ఆమె రొంటిన దోపి ఉంది. పిల్లవాడు పక్కన కూర్చుని "ఇంకా రాలేదా?" అని రెండుసార్లు అడిగాడు. ఎనిమిది కావస్తుండగా మోగింది. అవ్వ తీసి వాడికిచ్చింది. తెరలో వాళ్ళమ్మ, వెనక దీపం వెలుతురులో ఎర్రగా కల్లం. ఆమె ఒక్కో ప్రశ్నా అడుగుతోంది, తిన్నావా, బడికి పోయినావా అని. వాడు ఊ కొడుతూ తెరకు ముఖం దగ్గరగా పెట్టి ఆమె చేతులనే చూస్తున్నాడు.

"చేతులు మండుతాండాయా మా?" అని అడిగాడు.