వరుసలో నిలబడిన జాతీయ ప్రయోజనం

అమెరికాలో ఉద్యోగం ఆధారంగా గ్రీన్‌కార్డు, అంటే శాశ్వత నివాస హక్కు, కోరే సాధారణ మార్గంలో అర్జీదారు విదేశీ ఉద్యోగి కాదు, అతనికి పని ఇచ్చే సంస్థ. ఆ ఉద్యోగానికి తగిన అమెరికన్ ఎవరూ దొరకలేదని ప్రకటనలిచ్చి, వెతికి, నిరూపించి, ఆ సంస్థ ముందుగా కార్మిక శాఖ ధ్రువీకరణ తెచ్చుకోవాలి. 1990 నాటి వలస చట్టం ఈ నియమానికి ఒక మినహాయింపును ఏర్పరచింది. ఉన్నత విద్యార్హత గాని, విశేష సామర్థ్యం గాని ఉన్నవారి కోసం ఉద్దేశించిన ఈబీ-2 వర్గంలో, దేశ ప్రయోజనం దృష్ట్యా తగునని తోచినప్పుడు ఉద్యోగ హామీ షరతునే ప్రభుత్వం ఎత్తివేయవచ్చు. జాతీయ ప్రయోజన మినహాయింపు (ఎన్‌ఐడబ్ల్యూ)గా వ్యవహారంలో ఉన్న ఈ వెసులుబాటు కింద పరిశోధకుడు ఏ సంస్థ స్పాన్సర్‌షిప్ లేకుండా ఐ-140 అర్జీని తానే దాఖలు చేసుకోవచ్చు.

జాతీయ ప్రయోజనం అంటే ఏమిటో చట్టం నిర్వచించకపోవడంతో ఆ భారం వలస శాఖ నిర్ణయాలపై పడింది. 1998లో న్యూయార్క్ రాష్ట్ర రవాణా శాఖ ఒక వంతెనల ఇంజనీరు కోసం పెట్టిన అర్జీని తిరస్కరిస్తూ ఇచ్చిన నిర్ణయం, అదే కనీస అర్హతలున్న అమెరికన్ కంటే అర్జీదారు దేశానికి గణనీయంగా ఎక్కువ మేలు చేయగలడని చూపాలన్నది. ఉద్యోగమే లేకుండా సొంతంగా అర్జీ పెట్టుకున్నవారు ఏ అమెరికన్‌తో పోల్చుకోవాలన్నది ఆ పరీక్షలో తేలని చిక్కుగా మిగిలిపోయింది. 2016 డిసెంబరులో వెలువడిన ధనసర్ నిర్ణయం దాన్ని పక్కన పెట్టి మూడు ప్రశ్నలు ముందుంచింది: చేయదలచిన పనికి సారం, జాతీయ ప్రాముఖ్యం ఉన్నాయా, దాన్ని ముందుకు తీసుకువెళ్లగల స్థితిలో అర్జీదారు ఉన్నాడా, అన్నీ తూచి చూస్తే షరతు సడలించడమే దేశానికి మేలా? ఆ అర్జీదారు ధ్వనికి అనేక రెట్ల వేగంతో సాగే హైపర్‌సోనిక్ చోదన వ్యవస్థలపై పరిశోధించే ఏరోస్పేస్ ఇంజనీరు. అతని పరిశోధనకు జాతీయ ప్రాముఖ్యం ఉందని అంగీకరించిన అప్పీళ్ల కార్యాలయం, విశ్వవిద్యాలయంలో అతను పాఠం చెప్పడానికి మాత్రం, అది విలువైన పనేనంటూనే, ఆ స్థాయి ప్రాముఖ్యం రుజువు కాలేదన్నది. తూకం వేసేది కేవలం మనిషి ప్రతిభను కాదు, ముందుగా అతను తలపెట్టిన పనిని అన్న మౌలిక సూత్రం ఇక్కడ స్పష్టమవుతుంది. డిగ్రీల జాబితా, ఒకే మూసలో రాయించుకున్న సిఫారసు లేఖలు, డబ్బు కట్టి అచ్చు వేయించుకున్న పత్రాలు అర్జీని బలపరచలేకపోవడానికి కారణం ఇదే.

ఈ మూడు ప్రశ్నలూ సమంజసమైనవే. అన్యాయం ఆమోదం తరువాత మొదలవుతుంది. ఐ-140 ఆమోదం గ్రీన్‌కార్డు కాదు, వరుసలో ఒక స్థానం మాత్రమే. ఉద్యోగ వర్గాలన్నిటికీ కలిపి ఏటా సుమారు 1,40,000 వీసాలు ఉండగా, భార్యాపిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు. ఈబీ-2 వాటా 28.6 శాతం, అంటే దాదాపు 40,000. పుట్టిన దేశాన్ని బట్టి ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించరాదన్న పరిమితిని దీనికి వర్తింపజేస్తే భారత్‌లో పుట్టినవారికి సుమారు 2,800, ఇతరులు వాడుకోనివి మిగిలితే మరికొన్ని దక్కుతాయి. 2025 అక్టోబరు వీసా బులెటిన్‌లో ఈ వర్గం కింద భారతీయులకు ప్రకటించిన ప్రయారిటీ డేట్ 2013 ఏప్రిల్ 1, అంటే ఆ తేదీకి ముందు వరుసలో చేరినవారికే అప్పటికి వంతు వచ్చింది. కార్మిక శాఖ ధ్రువీకరణ కోసం ఆగడం కూడా అనవసరమని ప్రభుత్వమే తేల్చిన పరిశోధకుణ్ణి అదే ప్రభుత్వం 12 ఏళ్లకు పైగా ఆపుతోందన్నమాట. ఈలోగా హెచ్-1బీ తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఆమోదిత ఐ-140 వల్ల ఆరేళ్ల గడువు దాటి పొడిగింపు దొరుకుతుంది గాని, ఆ పొడిగింపు కోరవలసింది మళ్లీ యజమానే. యజమాని అవసరం లేదని మినహాయింపు పొందిన వ్యక్తి యజమాని దయ మీదనే మిగిలిపోతాడు. వెంట వచ్చిన పిల్లలకు 21 ఏళ్లు నిండితే, వయసు లెక్కలో కొంత సడలింపు ఉన్నా, చాలామంది ఆశ్రిత హోదాను కోల్పోతారు. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో పీహెచ్‌డీకి వెళ్లి అక్కడే ప్రయోగశాలల్లో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో ఈ లెక్కలు నిత్య జీవితంలో భాగం.

పుట్టిన చోటును బట్టి మనిషిని కొలవడం అమెరికాకు కొత్త కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరారు. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది ఆ ఏడాదే. ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ, బోదవ్యాధి మందు హెట్రజాన్, ఆరియోమైసిన్ వంటి విజయాల వెనుక ఉన్న ఆ శాస్త్రవేత్త సేవలను ఒక దేశం రెండు దశాబ్దాల పాటు అందుకుంటూనే, 1946 వరకు పౌరుడయ్యే హక్కును మాత్రం ఆయనకు నిరాకరించింది.

2025 సెప్టెంబరు 19న వెలువడిన అమెరికా అధ్యక్షుడి గోల్డ్ కార్డ్ ఉత్తర్వు ఈ వ్యవహారానికి మరో ముఖాన్ని జోడించింది. అమెరికా వాణిజ్య శాఖకు 10 లక్షల డాలర్లు బహుమానంగా ఇవ్వడాన్ని ఎన్‌ఐడబ్ల్యూ అర్హతకు సైతం సాక్ష్యంగా పరిగణించాలని ఆ ఉత్తర్వు ఆదేశిస్తోంది. ప్రయోగశాలలో ఏళ్ల తరబడి చేసిన పనినీ, ఒక చెక్కునూ ఒకే తక్కెడలో వేయడం ధనసర్ నిర్ణయ స్ఫూర్తికి విరుద్ధం. పైగా కొత్త వీసాలేవీ సృష్టించకుండా ఉన్న కోటాలోంచే ఆ కార్డులు ఇవ్వాలి.

పరిష్కారం తెలియనిది కాదు. 7 శాతం పరిమితిని తొలగించే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గినా, సెనేట్ వేరే రూపంలో ఆమోదించిన ప్రతితో పొసగక చట్టం కాలేకపోయింది. విజ్ఞాన, సాంకేతిక రంగాల్లో డాక్టరేట్ ఉన్నవారిని సంఖ్యా పరిమితుల నుంచి మినహాయించే నిబంధన 2022లో ప్రతినిధుల సభ ఆమోదించిన బిల్లులో ఉంది. ఆ కసరత్తు చివరికి అదే ఏడాది ఆగస్టులో సంతకమైన చిప్స్, సైన్స్ చట్టంగా మారేసరికి, అందులో సెమీకండక్టర్ కర్మాగారాలకూ పరిశోధనకూ 5,200 కోట్లకు పైగా డాలర్లు మిగిలాయి. ఆ నిబంధన మిగలలేదు.